గోటితో పోయేదానికి గొడ్డలి

ఇంట్లో కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్ పెడితే శబ్దం రావడం లేదు. అంతే, తీర్పులు మొదలవుతాయి. “సిస్టమ్ పాతదైపోయింది” అని ఒకరు. “బోర్డు పోయుంటుంది” అని ఇంకొకరు. “ఈ వైర్ల గొడవెందుకు, బ్లూటూత్ కొనేద్దాం” అని మూడోవారు. గమనించండి, ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా లేచి వెళ్ళి ఆ పిన్ను పెట్టే చోటు వైపు చూడలేదు. చూడకుండానే రోగం పేరు చెప్పేశారు, మందు రాసేశారు, బిల్లు కూడా ఇంచుమించు తేల్చేశారు.

మాది అనకాపల్లి. బెల్లానికి పేరుపడ్డ ఊరు. ఇక్కడి మార్కెట్‌లో దిమ్మ రంగు చూడకుండా ధర చెప్పే వర్తకుడు ఉండడు. చెబితే నవ్విపోతారు. అలాంటి ఊళ్ళో కూడా, వేలు పోసి కొన్న కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి చూడకుండా ధర చెప్పడం, మనం చెప్పించుకోవడం మామూలైపోయింది. నేను వాదించేది ఒక్కటే. హెడ్‌ఫోన్ జాక్ పనిచేయడం లేదని బోర్డు మార్చడం, కంప్యూటర్ మార్చడం చాలాసార్లు అవసరం కాదు, అలవాటు. ఆ అలవాటు వెనక రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, పాడైతే పారేయాల్సిందేనని. రెండోది, ఇలాంటివి ఇంట్లో ఆడవాళ్ళు ముట్టుకునేవి కావని. రెండూ తప్పే. రెండూ కలిసి మన సంసారాల జేబుకి చిల్లు పెడుతున్నాయి.

చిన్న రంధ్రం గురించి ఇంత రాద్ధాంతమా అనుకుంటారేమో. మధ్యతరగతి ఇల్లు ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. రెండు గదులు, ఒక హాలు. హాల్లో ఒక మూల కంప్యూటర్, ఎదురుగా టీవీ. ఈఏపీసెట్‌కి చదివే పిల్ల పాఠం వింటూ ఉంటుంది. పెద్దావిడ సీరియల్ చూస్తూ ఉంటారు. లోపలి గదిలో పరవాడలోనో అచ్యుతాపురంలోనో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి నిద్రపోతుంటాడు. ఇంతమంది ఒకే కప్పు కింద కొట్టుకోకుండా బతుకుతున్నారంటే అందులో హెడ్‌ఫోన్ పుణ్యం కొంత ఉంది. సొంత గది లేని పిల్లకి అదే గది, అదే తలుపు.

ఆ తలుపు ఊడిన రోజు ఏమవుతుంది? ఎవరో ఒకరు తగ్గాలి. టీవీ కట్టేయాలా, పాఠం ఆపాలా, నిద్ర చెడగొట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. ఏ ఇంట్లో చూసినా తగ్గేది మాట చెల్లని వాళ్ళే. ఎక్కువసార్లు ఆడపిల్లే. “ఆదివారం షాపుకి తీసుకెళ్దాంలే” అన్న మాట దగ్గర ఆ పాఠాలు వారం రోజులు ఆగిపోతాయి. అందుకే ఇది చిన్న విషయం కాదు అంటున్నాను.

ఇప్పుడు ఆడవాళ్ళకి వీటి గురించి ఏం తెలుసు అనే మాటకి వద్దాం. ఈ జాక్ పుట్టుక ఎక్కడో తెలుసా? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. వెనకటి రోజుల్లో ఒక ఫోనుని ఇంకో ఫోనుకి కలపాలంటే, ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి తాడు చివరనున్న పిన్నుని తీసి పెద్ద బోర్డు మీద సరైన రంధ్రంలో గుచ్చాలి. ఆ పిన్నే నేటి హెడ్‌ఫోన్ పిన్నుకి ముత్తవ్వ. దాని లావు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇప్పటికీ గిటారు వాళ్ళు, కచేరీల్లో సౌండ్ సిస్టమ్ వాళ్ళు దాన్నే వాడుతున్నారు. 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరింది. ఆ తర్వాత కొద్దికాలానికే అది దాదాపు ఆడవాళ్ళ ఉద్యోగంగా మారిపోయింది. 1882లో మద్రాసు, కలకత్తా, బొంబాయిల్లో ఎక్స్ఛేంజీలు తెరిచారు. కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచంలో ఎక్కువ జాక్‌లను ముట్టుకున్న చేతులు ఆడవాళ్ళవే. ఏది ఎక్కడ గుచ్చాలో, ఏ రంధ్రం వదులైందో వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. అదే పిన్ను 3.5 మిల్లీమీటర్లకి చిక్కి, 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్‌తో ఇంటింటికీ చేరింది. ఇంట్లోకి వచ్చాక మాత్రం అది మగవాళ్ళ విద్య అయిపోయింది. ఎలా అయిందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

అసలు అందులో ఉన్న విద్య ఎంత? పిన్నుని చేతిలోకి తీసుకుని చూడండి. లోహం మీద నల్లటి గీతలు కనిపిస్తాయి. రెండు గీతలుంటే లోహం మూడు ముక్కలైనట్టు. కొన ముక్క ఎడమ చెవికి, మధ్య ముక్క కుడి చెవికి, మొదట్లో ఉన్నది రెండింటికీ ఉమ్మడి. మూడు గీతలుంటే నాలుగు ముక్కలు, ఆ నాలుగోది మైకుకి. రంధ్రం లోపల సన్నటి రేకులు స్ప్రింగులా వంగి ఉండి, ఒక్కొక్క ముక్కనీ ఒక్కొక్కటి ఆనుకుని ఉంటాయి. దాంతో పాటు పిన్ను లోపలికి వచ్చిందో లేదో కంప్యూటర్‌కి చెప్పే చిన్న స్విచ్ ఒకటి. అంతే. మిక్సీ జార్ అడుగున ఉండే సరంజామా ఇంతకన్నా ఎక్కువ. దాన్ని మనం రోజూ విప్పి కడుగుతున్నాం.

ఈ మాత్రం తెలిస్తే సగం జబ్బులు లక్షణాన్ని బట్టే పట్టుకోవచ్చు. ఒక చెవిలోనే వినబడుతోందంటే ఎడమ ముక్కో కుడి ముక్కో ఆనడం లేదు, లేదా వైరు లోపల తెగింది. పాటలో వాయిద్యాలు వినిపిస్తూ పాడే గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుందంటే దయ్యం పట్టలేదు, ఉమ్మడి ముక్క ఆనడం లేదు. అప్పుడు రెండు చెవుల వైపుల మధ్య ఉన్న తేడా మాత్రమే మనకి వినబడుతుంది. గాయకుల గొంతుని సాధారణంగా రెండు వైపులా సమానంగా కలుపుతారు కాబట్టి, ఆ తేడాలో గొంతు కొట్టుకుపోతుంది. పాత మోనో రికార్డుల్లో అంతా సమానమే కాబట్టి ఆ పాటలు దాదాపు మొత్తానికే మాయమవుతాయి. హెడ్‌ఫోన్ తీసేసినా స్పీకర్లు మోగడం లేదంటే ఆ చిన్న స్విచ్ ఇరుక్కుంది, పిన్ను ఇంకా లోపలే ఉందని కంప్యూటర్ అనుకుంటోంది. వీటిలో ఏ ఒక్క లక్షణానికైనా ‘బోర్డు పోయింది’ అన్నది మొదటి సమాధానమేనా?

వంటింట్లో మనం ఎలా ఆలోచిస్తాం? కుక్కర్ విజిల్ రాకపోతే కొత్త కుక్కర్ కొనం. ముందు మంట ఉందా అని చూస్తాం. తర్వాత విజిల్‌లో పప్పు ఇరుక్కుందా, ఆ తర్వాత గ్యాస్కెట్ వదులైందా. ఖర్చు లేని దాంతో మొదలుపెట్టి ఖర్చున్న దాని వైపు నడుస్తాం. కంప్యూటర్ దగ్గర కూడా కావలసింది ఈ వరసే. ఎవరైనా చేయగలిగేట్టు చెబుతాను, మీ ఇంట్లో అక్కరకొస్తుంది.

మొదటి పని, తప్పు ఎవరిదో తేల్చడం. ఆ హెడ్‌ఫోన్ పిన్నుని తీసి ఫోన్‌కో టీవీకో పెట్టి చూడండి. అక్కడా మోగకపోతే కంప్యూటర్ నిర్దోషి. అక్కడ మోగితే, వేరే హెడ్‌ఫోన్ తెచ్చి కంప్యూటర్‌కి పెట్టండి. రెండు నిమిషాల పని. పిన్ను పూర్తిగా లోపలికి వెళ్ళి ‘టిక్’మన్నదో లేదో చూడండి. కొన్ని పాత కంప్యూటర్లకి శబ్దానికొకటి, మైకుకొకటి విడివిడి రంధ్రాలుంటాయి. నాలుగు ముక్కల ఫోన్ పిన్నుని అందులో పెడితే మైకు పనిచేయదు, ఒక్కోసారి శబ్దం కూడా తేడాగా వస్తుంది. అది జబ్బు కాదు, జత కుదరకపోవడం. దానికి ఒక చిన్న వై ఆకారపు కన్వర్టర్ చాలు.

రెండోది, ముందు వైపు రంధ్రం పనిచేయకపోతే వెనక వైపు చూడటం. మనం సీపీయూ అని పిలుచుకునే డబ్బా వెనక రంగురంగుల రంధ్రాలుంటాయి. ఆకుపచ్చది శబ్దం బయటికి వచ్చేది, గులాబీ రంగుది మైకుది, లేత నీలం బయటి నుంచి శబ్దం తీసుకునేది. ఆకుపచ్చలో పెడితే మోగిందా? అయితే బోర్డు బంగారంలా ఉంది. తప్పు ముందు జాక్‌దో, దానికి వెళ్ళే సన్నటి వైరుదో. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బోర్డు మార్చాలని చెప్పే ఎవరి మాటా మీరు నమ్మనక్కర్లేదు.

మూడోది, శబ్దం ఎటు పోతోందో చూడటం. విండోస్‌లో కింద కుడి మూలన ఉండే స్పీకర్ బొమ్మని నొక్కితే, శబ్దం ఏ దారిన వెళ్తోందో చూపిస్తుంది. హెచ్‌డీఎంఐ వైరుతో మానిటర్ కలిపినవాళ్ళకి ఇది తరచుగా ఎదురవుతుంది. కంప్యూటర్ తనంతట తానే శబ్దాన్ని మానిటర్‌కి పంపేస్తుంది. మానిటర్‌లో స్పీకర్లే ఉండవు. జాక్ దోషం ఏమీ లేదు, ఉత్తరం పక్కింటి చిరునామాకి వెళ్ళిందంతే. అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే పాడైతే డ్రైవర్ మీద అనుమానపడాలి. డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి పాత డ్రైవర్‌కి వెనక్కి రావచ్చు, లేదా తీసేసి కంప్యూటర్‌ని మళ్ళీ ఆన్ చేస్తే సాధారణంగా తనే వేసుకుంటుంది.

నాలుగోది శుభ్రం చేయడం. మన గాలిలో తేమ ఎక్కువ, దుమ్ము ఎక్కువ. రంధ్రం అడుగున నూగు చేరి గట్టిపడితే పిన్ను చివరిదాకా వెళ్ళదు. లోహం మీద మసక పొర పడితే సరిగా ఆనదు. కంప్యూటర్ ఆపేసి, ప్లగ్ పీకేసి, టార్చి వేసి చూడండి. పళ్ళు కుట్టుకునే చెక్క పుల్లతో నూగుని మెల్లగా బయటికి తీయండి. పిన్నీసు, సూది, హెయిర్‌పిన్ వద్దు, లోపలి రేకులు వంగిపోతాయి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. నీళ్ళూ కొబ్బరినూనె అసలే వద్దు. తర్వాత పిన్నుని పొడి గుడ్డతో తుడిచి పది పన్నెండుసార్లు పెట్టి తీస్తే, ఆ రాపిడికే పొర చాలావరకు వదులుతుంది.

అయిదోది డబ్బా తెరవడం. ఇక్కడే అందరూ భయపెడతారు. భయపడాల్సింది ఒక్కదానికే, వైర్ల గుత్తి బయటికి వచ్చే లోహపు పెట్టె, పవర్ సప్లై. దాన్ని ఎప్పుడూ విప్పకూడదు. మిగతాది, కరెంటు ప్లగ్ పూర్తిగా పీకేసి, ఒకసారి డబ్బా లోహాన్ని చేత్తో ముట్టుకుని, పక్క రేకు తీసి చూడొచ్చు. ముందు జాక్ నుంచి ఒక సన్నటి వైరు వచ్చి బోర్డు అంచున తొమ్మిది పిన్నులున్న చోట తగులుకుంటుంది. పక్కనే హెచ్‌డీ ఆడియో అనో ఏఏఎఫ్‌పీ అనో రాసి ఉంటుంది. ఒక పిన్ను కావాలనే లేకుండా చేస్తారు, తిరగేసి పెట్టకుండా. ఆ వైరు ఊడిపోయి ఉంటే ముందు జాక్ మోగమన్నా మోగదు. పాత డబ్బాల్లో ఆ వైరుకి రెండు తలలుంటాయి, ఒకటి హెచ్‌డీ ఆడియో, ఇంకొకటి ఏసీ 97. తప్పు తల తగిలిస్తే పిన్ను పెట్టినా కంప్యూటర్‌కి తెలియదు.

మా ఇంట్లో జరిగింది ఇదే. వేసవిలో దుమ్ము దులపడానికి కంప్యూటర్‌ని ఒక షాపులో ఇచ్చాం. తెచ్చుకున్నాక ముందు జాక్ మూగబోయింది. తిరిగి తీసుకెళ్తే, కౌంటర్ దగ్గరి అబ్బాయి డబ్బా వైపు కూడా చూడకుండా “మదర్‌బోర్డ్ సౌండ్ సెక్షన్ పోయింది మేడమ్, పాత మోడల్ కదా, మార్చేయడం బెటర్” అన్నాడు. వేలల్లో చెప్పాడు. వెనక ఆకుపచ్చలో మోగుతోంది కదా బాబూ అని అడిగితే, నన్ను వదిలేసి మా వారి వైపు తిరిగి “సార్, మీరు చెప్పండి” అన్నాడు. మేం డబ్బాని ఇంటికి తెచ్చుకున్నాం. రేకు విప్పితే ఆ సన్నటి వైరు ఊడి కింద వేలాడుతోంది. తగిలించడానికి అర నిమిషం పట్టింది. అంత డబ్బు మిగిలినందుకు సంతోషమే. కానీ నన్ను కదిలించింది డబ్బు కాదు, “సార్, మీరు చెప్పండి” అన్న ఆ మూడు మాటల చూపు. ప్రశ్న అడిగింది నేను. జవాబు తెలిసిందీ నాకే. అయినా నా మాట ఆ కౌంటర్ దాటలేదు.

అందరు మెకానిక్‌లూ అలా ఉంటారని నేను అనను. పొడుగాటి బల్ల, పెద్ద దీపం, చేతిలో సోల్డరింగ్ ఐరన్‌తో రోజంతా వంగి కూర్చునే కుర్రాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. ల్యాప్‌టాప్ జాక్ నిజంగానే విరిగితే వాళ్ళ చేయే కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో జాక్ చిన్న విడి బోర్డు మీద ఉంటుంది, దాన్నొక్కదాన్నే మార్చొచ్చు. కొన్నింటిలో పెద్ద బోర్డుకే అతికి ఉంటుంది, పాతది ఊడదీసి కొత్తది అతకాలి. అది ఇంట్లో చేసే పని కాదు. ఆ నేర్పుకి ఇవ్వాల్సిన డబ్బు బేరం ఆడకుండా ఇవ్వాలి. నా కోపం పని తెలిసినవాళ్ళ మీద కాదు. పని చేయకుండా వస్తువు అమ్మేవాళ్ళ మీద, వాళ్ళకి ఆ వీలు కల్పిస్తున్న మన బద్ధకం మీద.

ఇక బ్లూటూత్ వాదం. “ఈ కాలంలో ఇంకా వైర్లేంటి?” అంటారు పిల్లలు. 2016లో యాపిల్ ఐఫోన్ 7 నుంచి ఈ రంధ్రాన్ని తీసేసింది. తర్వాత మిగతా కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. పరిగెత్తేటప్పుడు, బస్సులో, వంట చేసేటప్పుడు వైరు లేనివి సుఖమే, నేను కాదనను. కానీ లెక్క చూడండి. ఆ చెవి గింజల్లో చిన్న బ్యాటరీ ఉంటుంది. కొన్నేళ్ళకి అది నీరసపడుతుంది. చాలావాటిని తెరవడానికి కూడా వీలుండదు. గింజ ఒకటి పోతే రెండోది అనాథ. వైరు హెడ్‌ఫోన్‌కి ఛార్జింగ్ అక్కర్లేదు, పరీక్ష ముందురోజు రాత్రి ‘బ్యాటరీ లో’ అనదు, వైరు తెగితే అతకొచ్చు. ఇంకో సంగతి, పనిచేసే జాక్‌ని వదిలి కొత్తవి కొనడం ఒక ఎత్తు, జాక్ పోయిందన్న తప్పుడు కబురు విని కొనడం ఇంకో ఎత్తు. మొదటిది ఇష్టం. రెండోది మోసపోవడం.

జాక్ నిజంగా చచ్చిపోయిందనే అనుకుందాం. అప్పుడైనా బోర్డు మార్చాలా? అక్కర్లేదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండ్ కార్డు దొరుకుతుంది, వేలెడంత ఉంటుంది. రెండు మూడు వందల రూపాయల్లో మామూలు రకం వస్తుంది. ఒకవైపు యూఎస్‌బీలో గుచ్చితే రెండో వైపు కొత్త జాక్ తయారు. పాఠాలు వినడానికి, వీడియో కాల్‌కి అది దివ్యంగా సరిపోతుంది. వేలు ఖర్చయ్యే దారి చెప్పినవాళ్ళలో ఎంతమంది ఈ వందల దారి చెప్పారో మీరే గుర్తు చేసుకోండి.

“నా సమయానికి విలువ లేదా? గంటసేపు దీనితో కుస్తీ పట్టే బదులు కొత్తది కొనుక్కుంటే పోలేదా?” అనేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పై అయిదు పరీక్షల్లో మొదటి మూడింటికి పావుగంట పట్టదు. షాపుకి వెళ్ళి రావడం, వాళ్ళు “రేపు రండి” అంటే మళ్ళీ వెళ్ళడం, కొత్త బోర్డు వేశాక అన్నీ మళ్ళీ సర్దుకోవడం, ఆ సమయం లెక్కలోకి రాదా? ఇంకో మాట కూడా ఉంది. ఇంటి పని చేసే మనిషి సమయానికి ఎవరూ ధర కట్టని ఇళ్ళలో, వస్తువు కొనేటప్పుడు మాత్రం సమయం విలువ హఠాత్తుగా గుర్తుకు రావడం నాకు వింతగా ఉంటుంది.

వారంటీ ఉన్న కంప్యూటర్ అయితే రేకు తెరిచే ముందు ఆ కాగితం చదవండి, కంపెనీ సర్వీసుకే ఇవ్వండి. వారంటీ అయిపోయిందంటే ఆ వస్తువు మీది. దాన్ని తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ మాట నేనొక్కదాన్నే అనడం లేదు. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక కమిటీని వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దాని కోసం ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, ఇంటి సామాన్లు, వాహనాలు అందులోకి వస్తాయి. ఫ్రాన్స్‌లో 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద బాగుచేయడం ఎంత సులువో పదికి ఇన్ని మార్కులని రాసి అమ్మడం మొదలుపెట్టారు. మన దగ్గర కూడా అలాంటి సూచిక పెట్టాలని 2025లో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టినట్టు, రేపు కంప్యూటర్ కొనేటప్పుడు ఈ మార్కులు లెక్కపెట్టే రోజు రావాలి. వచ్చేదాకా కూర్చోకుండా ఇప్పుడే షాపువాళ్ళని అడగాలి, “ఇది పాడైతే ఈ ఒక్క ముక్క దొరుకుతుందా?” అని.

షాపుకి వెళ్ళక తప్పనప్పుడు మూడు మాటలు అడగండి. ఒకటి, ఏ పరీక్ష చేసి ఈ మాట చెప్పారు? రెండు, మార్చిన పాత ముక్క నాకు తిరిగి ఇస్తారా? మూడు, బిల్లు మీద చేసిన పని పేరు రాస్తారా? ఈ మూడు మాటలు వినగానే చాలా ‘బోర్డులు’ తమంతట తామే బాగుపడతాయి. సరుకుకైనా సేవకైనా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఇవ్వనంటే 1915 నంబర్‌కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. గొడవ పెట్టుకోమని కాదు. తెలుసన్న సంగతి వాళ్ళకి తెలియడమే చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో ఏదైనా పాడైనప్పుడు పిల్లలు ఏం నేర్చుకుంటారు? అమ్మ గాజు సీసా మూత రాకపోతే వేడినీళ్ళలో ముంచి తీస్తుంది, చీర చిరిగితే రఫ్ఫు చేస్తుంది, ట్యాపు కారితే వాషర్ వేయిస్తుంది. అదే అమ్మ కంప్యూటర్ దగ్గరికి వస్తే, “అమ్మా, వదిలెయ్యమ్మా, నీకర్థం కాదు” అంటారు. ఆ మాట పిల్లలకి ఎవరు నేర్పారు? “నాన్నగారు వచ్చాక చూస్తార్లే” అని మనమే నేర్పాం. నాన్నగారు వచ్చి చూసేదేమిటంటే, ఫోన్‌లో కొత్తదాని ధర. ఇందులో ఆయన తప్పు కూడా లేదు. మగవాడు కాబట్టి తెలిసి ఉండాలని ఆయన నెత్తిన పెట్టాం. తెలియదని చెప్పుకోలేక ఆయన కొనేస్తారు. ఒకరికి తెలియదని ముద్ర, ఇంకొకరికి తెలుసని ముద్ర. రెండు ముద్రల ఖరీదు నెల బడ్జెట్‌లో కనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే, వెతికి పట్టుకునే ఓపిక ఇంట్లో ఎవరికి ఎక్కువ ఉందో అందరికీ తెలుసు. పప్పులో ఉప్పు ఎక్కువైందా, పసివాడి ఏడుపు ఆకలిదా కడుపునొప్పిదా, గ్యాస్ వాసన ఎక్కడి నుంచి వస్తోంది, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ కారణం దగ్గరికి చేరడం మనకి రోజువారీ పని. జాక్ దగ్గర కావలసిన తెలివి అదే. దానికి ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. తెలుగు బీఏ కూడా అక్కర్లేదు.

ఇంకా ఒక కారణం చెప్పి ముగిస్తాను, ఇది తల్లులు వినాలి. ఒక చెవి సరిగా పలకని హెడ్‌ఫోన్‌తో పిల్లలు సర్దుకుపోతారు. శబ్దం చాలడం లేదని వాల్యూమ్ పెంచుతారు. పెద్దలకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకైతే 75 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం పెట్టింది. వదులైన జాక్‌ని మెలితిప్పుతూ వినే పిల్లకి, పిన్ను హఠాత్తుగా సరిగ్గా ఆనినప్పుడు ఆ పెంచిన శబ్దమంతా ఒక్కసారి చెవిలో పడుతుంది. బాగుచేసే దాకా “ఎలాగో సర్దుకో” అనడం కూడా ఖర్చే. ఆ ఖర్చు పిల్ల చెవి పెడుతుంది.

కాబట్టి కుట్టుమిషన్ సొరుగులో సూదీ దారం పక్కన ఇంకో నాలుగు వస్తువులు పెట్టండి: ఒక చిన్న స్క్రూడ్రైవర్, నాలుగు చెక్క పుల్లలు, ఒక టార్చి, పనిచేస్తుందని తెలిసిన ఒక పాత హెడ్‌ఫోన్. అన్నీ కలిపి ఒక సినిమా టికెట్ ఖరీదు ఉండదు. వచ్చే ఆదివారం మీ కూతుర్నీ కొడుకునీ ఇద్దర్నీ పిలిచి, కంప్యూటర్ బాగున్నప్పుడే వెనక ఆకుపచ్చ రంధ్రం ఎక్కడుందో వెతికించండి. శబ్దం ఏ దారిన వెళ్తోందో వాళ్ళ చేతే మార్పించి చూడండి. తర్వాత ఎప్పుడైనా ఎవరైనా “బోర్డు పోయింది” అంటే, మీ పిల్ల “వెనక పెట్టి చూశారా?” అని అడగాలి. అది అడిగే పిల్లని ఏ కౌంటరూ దాటవేయలేదు.